పాత స్కానర్ కోసం 32 బిట్‌లోనే ఉండిపోవాలా?

ప్రశ్న: కొన్నేళ్ల క్రితం అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ వాడుతున్నాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద మాటిమాటికీ వస్తోంది. విండోస్ 11కి మారదామంటే నా లేజర్‌జెట్ 1020 ప్రింటర్, కానోస్కాన్ లైడ్ 20 స్కానర్, ఎలక్ట్రానిక్ కాటాని కలిపే యూఎస్‌బీ సీరియల్ కేబుల్ ఆ తర్వాత పనిచేస్తాయో లేదోనని టెన్షన్. మా తమ్ముడేమో ‘ఏం కాదక్కా, డ్రైవర్లన్నీ విండోసే వెతికి పెట్టుకుంటుంది, అప్‌గ్రేడ్ నొక్కెయ్’ అంటాడు. కంప్యూటర్ అసెంబుల్ చేసినాయన మాత్రం ‘ముట్టుకోకండి, అన్నీ ఆగిపోతాయి’ అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇంకో చిన్న సందేహం. సిస్టమ్ వివరాల్లో 8 జీబీ పక్కన ‘3.2 జీబీ యూజబుల్’ అని ఉంది. మిగతా మెమరీ ఏమైనట్టు?
– ఒక పాఠకురాలు

సమాధానం: చివర్లో చిన్న సందేహమంటూ రాశారే, మీ ప్రశ్నకు అసలు కీలకం అక్కడే ఉంది. 8 జీబీ ర్యామ్ పెట్టినా మూడు చిల్లర మాత్రమే వాడుకోగలుగుతోందంటే మీ కంప్యూటర్‌లో ఉన్నది 32 బిట్ విండోస్ అయి ఉండాలి. ఇంట్లో వాడుకునే 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి మెమరీని వాడుకోలేదు. అందులోనూ గ్రాఫిక్స్ కార్డు లాంటివాటికి కొంత అడ్రస్ స్థలం పోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరిచి ‘సిస్టమ్ టైప్’ అన్న వరస చూడండి. ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్’ అని ఉంటే నా అనుమానం నిజమే. ప్రాసెసర్ 64 బిట్‌ది, దాని మీద కూర్చోబెట్టిన విండోస్ మాత్రం 32 బిట్‌ది.

ఇంత మంచి ప్రాసెసర్ మీద 32 బిట్ విండోస్ ఎందుకు వేశారంటారా? మీ స్కానర్ కోసమే అయి ఉంటుందని నా ఊహ. లైడ్ 20కి తయారీదారు 64 బిట్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వలేదు. కాబట్టి అసెంబుల్ చేసినాయన తెలియక చేశారని అనుకోకండి. అప్పటికి మీ పని జరిగే దారి చూశారు. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది, ఎందుకంటే విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 2021 అక్టోబర్‌లో వచ్చినప్పటి నుంచీ అది 64 బిట్‌లోనే దొరుకుతోంది.

అంటే మీ తమ్ముడి మాటా, ఆయన మాటా రెండూ సగం సగమే నిజం. తమ్ముడు చెప్పినట్టు అప్‌గ్రేడ్ నొక్కడానికి మీకు ఆ బటనే రాదు. 32 బిట్ విండోస్ ఉన్నచోటే 64 బిట్‌గా మారదు, మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. అలాగని అన్నీ ఆగిపోతాయన్నదీ కాదు. మీ దగ్గరున్న వస్తువుల్లో కచ్చితంగా మొరాయించేది ఒకటి, అనుమానించాల్సినది ఇంకొకటి. మీరు అడగని మూడోది ఒకటుంది, నన్నడిగితే అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది దాన్నే.

ముందుగా ఒక మాట. ఇప్పటికే 64 బిట్ విండోస్ 10 వాడుతున్నవాళ్లు విండోస్ 11కి మారితే డ్రైవర్ల తలనొప్పి చాలా తక్కువ. రెండింటి డ్రైవర్ పద్ధతి దాదాపు ఒకటే. పేరుకి 11 అయినా లోపల వెర్షన్ నంబర్ ఇప్పటికీ 10.0తోనే మొదలవుతుంది. అందుకే 10 కోసం రాసిన 64 బిట్ డ్రైవర్లు 11లో మామూలుగా నడుస్తాయి. మినహాయింపులు లేకపోలేదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ డ్రైవర్ పాత వెర్షన్లు బ్లూ స్క్రీన్ తెప్పిస్తుంటే, ఆ డ్రైవర్ మార్చుకునేదాకా మైక్రోసాఫ్ట్ వాటికి అప్‌గ్రేడ్‌నే ఆపి ఉంచింది. ‘నాకు అప్‌డేట్ ఇంకా రాలేదు’ అని విసుక్కునేవాళ్లలో కొందరి విషయంలో కారణం ఇలాంటిదే. అలాంటప్పుడు బలవంతంగా ఎక్కించుకోకుండా ఆగడమే మేలు.

మీది ఈ కోవ కాదు. 32 నుంచి 64కి దాటడం అసలు గండం. చాలామందికి ఇక్కడే తికమక. పాత 32 బిట్ సాఫ్ట్‌వేర్ 64 బిట్ విండోస్‌లో చక్కగా నడుస్తుంది కదా, మరి డ్రైవర్ ఎందుకు నడవదు అంటారు. మామూలు ప్రోగ్రామ్‌ల కోసం విండోస్ మధ్యలో ఒక అనుకూల పొర పెట్టి సర్దుబాటు చేస్తుంది. డ్రైవర్ మాత్రం కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో పనిచేస్తుంది. అక్కడ సర్దుబాటు పొర లేదు. మీటర్‌గేజి పెట్టెను బ్రాడ్‌గేజి పట్టాల మీద నడపమన్నట్టే, ఎంత మంచి పెట్టె అయినా చక్రాలు కుదరవు. పైగా పాత విండోస్ విస్టా కాలం నుంచీ 64 బిట్ విండోస్ డిజిటల్ సంతకం లేని కెర్నెల్ డ్రైవర్లను లోడ్ కానివ్వదు. సంతకం తనిఖీని ఆఫ్ చేసుకునే చిట్కాలు మీకు కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. 32 బిట్ డ్రైవర్‌కి ఆ చిట్కా కూడా పనిచేయదు.

ఇదే కారణంగా ‘ఇన్‌స్టాల్ చేసే ముందు, డ్రైవర్లు దాచి ఉండే డ్రైవర్‌స్టోర్ ఫోల్డర్ బ్యాకప్ తీసుకోండి’ అన్న సలహా కూడా మీకు పనికిరాదు. మిగతావాళ్లకి అది మంచి సలహాయే. మీ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ 32 బిట్‌వి.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, మామూలు వెబ్‌క్యామ్, యూఎస్‌బీ హెడ్‌సెట్ గురించి బెంగ అక్కర్లేదు. ఇవన్నీ ఉమ్మడి ప్రమాణాల ప్రకారం తయారవుతాయి, వాటికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. తమ్ముడు ‘విండోసే వెతికి పెట్టుకుంటుంది’ అన్నది వీటి విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. తన సొంత భాషలో మాట్లాడే పరికరాలతోనే పేచీ. పాత స్కానర్లు, చవక రకం లేజర్ ప్రింటర్లు, వేలిముద్ర రీడర్లు, వీడియో క్యాప్చర్ కార్డులు ఆ జాతివి.

మీ ప్రింటర్ కూడా ఆ జాతిదే, కానీ దానికి 64 బిట్ డ్రైవర్ ఉంది. హెచ్‌పీ ‘హోస్ట్‌బేస్డ్’ పేరుతో ఇచ్చిన ప్యాకేజీ తీసుకోండి. విండోస్ 10 కోసం ఇచ్చిన 64 బిట్‌దే 11లోనూ పనిచేస్తుంది. ఈ ప్రింటర్‌లో ఒక తమాషా ఉంది. దాని ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే సొంత ప్రోగ్రామ్, దాని లోపల నిలవదు. స్విచ్ ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని డ్రైవరే దాన్ని పంపాలి. అందుకని సరైన డ్రైవర్ లేకపోతే లైట్లు వెలుగుతాయి, పేజీ మాత్రం బయటికి రాదు. వేరే మోడల్ డ్రైవర్‌తో సరిపెట్టే పద్ధతులు కొన్ని ప్రింటర్లకు పనికొస్తాయి, దీనికి కుదరదు.

ఆ ప్యాకేజీని ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ప్రింటర్ కంపెనీల సొంత డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం విడతలవారీగా తగ్గించుకుంటామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లోనే ప్రకటించింది. నెట్‌వర్క్‌లో ఐపీపీ అనే ఉమ్మడి ముద్రణ పద్ధతిలో మాట్లాడే కొత్త ప్రింటర్లకు దానివల్ల ఇబ్బంది లేదు, వాటికి విండోస్‌లో ఉన్న ఉమ్మడి డ్రైవరే చాలు. మీలాంటి పాత యూఎస్‌బీ ప్రింటర్ ఉన్నవాళ్లు ఇన్‌స్టాలర్ ఫైల్‌ని దగ్గర పెట్టుకోవడం మంచిది.

స్కానర్ దగ్గరికి వద్దాం. విండోస్ 11లో దీన్ని తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో (పరికరాల జాబితా చూపే చోట) పసుపు గుర్తుతో ‘అదర్ డివైసెస్’ కింద కూర్చుంటుంది. డబుల్ క్లిక్ చేస్తే కోడ్ 28, అంటే డ్రైవర్ లేదు అని వస్తుంది. అలాగని పారేయక్కర్లేదు. వస్తువు బాగానే ఉంది, విండోస్ డ్రైవర్ మాత్రమే లేదు. విండోస్‌కి బదులు వాడుకోదగిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో స్కానర్ల కోసం సేన్ అనే ఉమ్మడి వ్యవస్థ ఉంది. అందులోని ‘ప్లస్‌టెక్’ డ్రైవర్ లైడ్ 20ని నడుపుతుంది. తయారీదారు వదిలేసిన పరికరాలకు ఇంకొకరు రాసిన డ్రైవర్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా దొరకడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇది నిజమో కాదో ఇవాళే చూసుకోవచ్చు, మీ విండోస్‌ని ముట్టుకోకుండానే. ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి దాని నుంచి కంప్యూటర్ స్టార్ట్ చేయండి. ‘ట్రై’ అన్నదే ఎంచుకోండి, ‘ఇన్‌స్టాల్’ నొక్కొద్దు. డెస్క్‌టాప్ వచ్చాక స్కానర్ తగిలించి ‘డాక్యుమెంట్ స్కానర్’ యాప్ తెరవండి. అది లేకపోతే నెట్ నుంచి వేసుకోవచ్చు. పైన స్కానర్ పేరు కనిపిస్తే ఒక కాగితం పెట్టి స్కాన్ నొక్కండి. దీపం కదిలి బొమ్మ వస్తే మీ సమస్య సగం తీరినట్టే. ఆ సెషన్‌లో దాచుకున్న ఫైళ్లు కంప్యూటర్ ఆపితే పోతాయి, కావాలంటే వేరే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

మరి స్కాన్ చేయాల్సిన ప్రతిసారీ కంప్యూటర్ ఆపి లినక్స్‌లోకి వెళ్లాలా అంటే, అక్కర్లేదు. విండోస్ 11 వేసుకున్నాక వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, దాని లోపల ఒక లినక్స్ వేసుకోండి. యూఎస్‌బీ సెట్టింగ్స్‌లో స్కానర్‌ను ఆ లినక్స్‌కి అప్పగిస్తే, విండోస్‌కి డ్రైవర్ లేకపోయినా పని జరిగిపోతుంది. 64 బిట్‌కి మారాక మీకు 8 జీబీ మెమరీ పూర్తిగా చేతికొస్తుంది కాబట్టి అందులోంచి 2 జీబీ దీనికి కేటాయించినా బరువనిపించదు. లినక్స్ కాబట్టి ఇంకో విండోస్ లైసెన్స్ గొడవా లేదు.

ఇదంతా నావల్ల కాదనుకుంటే వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వేల స్కానర్లకు తన సొంత డ్రైవర్లు రాసుకుని 64 బిట్ విండోస్‌లోనూ నడుపుతుంది. డబ్బు పెట్టి కొనాలి. ముందు ట్రయల్ వేసి చూడండి. స్కాన్ మీద గుర్తులు పడతాయి గానీ మీ స్కానర్‌ను గుర్తుపడుతోందో లేదో తెలియడానికి అది చాలు. ఎప్పుడో ఒక కాగితం స్కాన్ చేసేవాళ్లయితే ఫోన్ కెమెరాతో కానిచ్చేయమనేవాణ్ణి. రోజూ పని ఉంటే మాత్రం సమతలం మీద పరిచి తీసే స్కాన్‌కి ఫోన్ సాటి రాదు.

సీరియల్ కేబుల్ విషయం దాని లోపలి చిప్‌ని బట్టి ఉంటుంది. కేబుల్ మీద ఉన్న పేరు చూసి లాభం లేదు. డివైస్ మేనేజర్‌లో ‘పోర్ట్స్’ కింద దాన్ని తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. విఐడి తర్వాత ఉన్నది కంపెనీ నంబరు, పిఐడి తర్వాతది మోడల్ నంబరు. మీ స్కానర్‌ని కూడా ఇలాగే చూస్తే 04ఏ9, 220డి అని కనిపిస్తుంది. డబ్బా మీది పేరు కన్నా ఈ నంబర్లే నమ్మదగినవి. డ్రైవర్ వెతికేటప్పుడు వీటితోనే వెతకాలి.

కేబుల్‌కి 067బి, 2303 అని ఉంటే అది ప్రొలిఫిక్ వారి పీఎల్2303 కుటుంబం. ఈ కుటుంబంలో పాత చిప్‌లకు కొత్త డ్రైవర్ పనిచేయదు. అంతేకాదు, పరికరం పేరు ఉండాల్సిన చోట ‘ఈ చిప్ విండోస్ 11కి సపోర్ట్ చేయదు, మీకు అమ్మినవారిని సంప్రదించండి’ అన్న అర్థంలో ఇంగ్లీషులో పెద్దక్షరాలతో వచ్చి నిలబడుతుంది! మొదటిసారి చూసినవాళ్లు వైరస్ అనుకున్నా ఆశ్చర్యం లేదు. పాత వెర్షన్ డ్రైవర్ వెనక్కి వేసి నడిపించే దారి ఉంది కానీ, విండోస్ అప్‌డేట్ మళ్లీ కొత్తది ఎక్కించినప్పుడల్లా అదే తంతు. కేబుల్ చిన్న వస్తువు. ఎఫ్‌టీడీఐ చిప్‌తోనో సీహెచ్340 చిప్‌తోనో ఉన్నది ఇంకొకటి కొనేయండి. పాత వస్తువు పారేయొద్దని పైన స్కానర్ విషయంలో అంత చెప్పిన నేనే ఇక్కడ కొత్తది కొనమంటున్నాను. కేబుల్ కోసం అంత కుస్తీ పట్టడం దండగ.

ఇప్పుడు మీరు అడగని సంగతి, గ్రాఫిక్స్ కార్డు. డ్రైవర్ వరకూ దిగుల్లేదు. జీటీ 710 ఎన్విడియా కెప్లర్ తరానిది. ఆ తరానికి కొత్త గేమ్‌ల కోసం డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే ఆపేసినా, 470 సిరీస్ డ్రైవర్లు విండోస్ 11లో పనిచేస్తాయి. చిక్కు వేరేచోట ఉంది. మీ 32 బిట్ విండోస్ ఇప్పుడు పాత బయాస్ (కంప్యూటర్‌ని స్టార్ట్ చేసే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) పద్ధతిలో, సీఎస్‌ఎం అనే అమరిక సాయంతో స్టార్ట్ అవుతూ ఉంటుంది. విండోస్ 11కి బయాస్ బదులు వచ్చిన యూఈఎఫ్‌ఐ పద్ధతి, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే స్టార్ట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌కి వీలు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. మీ ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది. టీపీఎం కోసం మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో ‘ఎఫ్‌టీపీఎం’ (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆన్ చేస్తే సరిపోతుంది. సీఎస్‌ఎం ఆపాలి. ఆపాక పాత గ్రాఫిక్స్ కార్డులు కొన్ని తెర మీద ఏమీ చూపించవు, ఎందుకంటే వాటి లోపల యూఈఎఫ్‌ఐకి కావలసిన ఫర్మ్‌వేర్ లేదు. రైజెన్ 5 2600లో సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి మార్చుకుని చూసే వీలు కూడా మీకు లేదు.

జీటీ 710లలో ఆ ఫర్మ్‌వేర్ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఇప్పటి విండోస్‌లోనే నడిపి చూడండి. బయాస్ వెర్షన్ పక్కన ‘యూఈఎఫ్‌ఐ’ అన్న చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లండి. లేకపోతే ముందు కార్డు సంగతి తేల్చుకోండి. ఒకవేళ చూడకుండానే మార్చి తెర నల్లగా అయితే కంగారు పడకండి. కరెంట్ తీసేసి మదర్‌బోర్డు మాన్యువల్‌లో చెప్పినట్టు సీమాస్ (ఆ సెట్టింగ్స్ దాచుకునే చోటు) క్లియర్ చేస్తే సెట్టింగ్స్ మొదటికొస్తాయి.

ఈ పరీక్షలన్నీ అయ్యాక ఇన్‌స్టాల్ సంగతి. నా సలహా ఒకటే, ఇప్పుడున్న డిస్క్‌ని చెరపకండి. కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి తీసుకుని, పాత డిస్క్ కేబుల్ పీకేసి, కొత్తదాని మీద విండోస్ 11 వేయండి. ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లకి పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే బటన్ ఉంటుంది. మొదటి నుంచీ వేసుకునే మీకు ఆ సదుపాయం ఉండదు. పాత డిస్కే మీ వెనుదారి. ఏదైనా తేడా వస్తే దాన్ని తగిలించి, సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేస్తే అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. మీ విండోస్ 10 యాక్టివేట్ అయి ఉంటే అదే ఎడిషన్ 11కి వేరే లైసెన్స్ కొనక్కర్లేదు. సెటప్ అడిగినప్పుడు ప్రొడక్ట్ కీ లేదని చెప్పి ముందుకెళ్లండి. నెట్‌కి కలిశాక అదే యాక్టివేట్ అవుతుంది.

నెట్‌కి కలవడం అన్నాను కదా, మొదట దొరకాల్సిన డ్రైవర్ నెట్‌వర్క్‌ది. అది లేకపోతే మిగతావి తెచ్చుకునే దారి లేదు. పైగా విండోస్ 11 సెటప్ మధ్యలోనే ఇంటర్నెట్ అడిగి కూర్చుంటుంది. మదర్‌బోర్డు మోడల్ పేరుతో తయారీదారు సైట్‌లో వెతికి 64 బిట్ చిప్‌సెట్, నెట్‌వర్క్ డ్రైవర్లు పెన్‌డ్రైవ్‌లో ముందే వేసుకోండి. అదీ కుదరకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. నేను ఎవరికైనా ముందు చెప్పే చిట్కా ఇదే. (మీకు సంబంధం లేదు గానీ, ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు వాడే పాఠకులకు ఒక ముక్క: సెటప్‌లో డిస్కే కనపడకపోతే డిస్క్ పాడైందనుకోకండి. ఇంటెల్ వీఎండీ అనే డిస్క్ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ‘లోడ్ డ్రైవర్’ నొక్కితే చాలాసార్లు కనిపిస్తుంది.)

ఇన్‌స్టాల్ అయ్యాక విండోస్ అప్‌డేట్‌ని ఒకటి రెండుసార్లు పూర్తిగా నడవనివ్వండి. తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ తెరిస్తే ఇంకొన్ని డ్రైవర్లు ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఎక్కడైనా మిగిలితే కోడ్ చూడండి. 28 అయితే డ్రైవర్ లేదు, తెచ్చి వేయాలి. 10 అయితే డ్రైవర్ ఉంది గానీ పరికరం స్టార్ట్ కావడం లేదు. 52 అయితే సంతకం కుదరలేదు. కోడ్ లేకుండా ‘పనిచేయట్లేదు’ అని మాత్రమే చెబితే ఎవరూ సాయం చేయలేరు. ‘మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో’ అనే అప్‌డేటర్ ప్రోగ్రామ్‌లు మాత్రం వద్దు. ఉన్న సరైన డ్రైవర్ తీసేసి దగ్గరి మోడల్‌ది ఎక్కించిపోతాయి, అవి వెంటబెట్టుకొచ్చే చెత్త అదనం.

తొందరపడి ఈ వారంలోనే చేసేయాలని లేదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజమే. ఇళ్లలో వాడేవాళ్లు ఈఎస్‌యూ అనే పొడిగింపులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది, వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. అందులో చేరి, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో స్కానర్ పరీక్ష, జీపీయూ-జెడ్‌తో కార్డు పరీక్ష తీరిగ్గా చేసుకోండి.

కాటా గురించి చివరగా ఒకటి. కొత్త కేబుల్ తగిలించాక విండోస్ దానికి వేరే కామ్ పోర్ట్ (సీరియల్ కనెక్షన్) నంబర్ ఇచ్చే అవకాశం ఎక్కువ. మీ కాటా సాఫ్ట్‌వేర్ పాత నంబర్‌నే వెతుకుతూ ‘కాటా దొరకలేదు’ అంటే డ్రైవర్‌ని తిట్టుకోవద్దు. ఇప్పుడు ఏ నంబర్ వాడుతోందో పాత విండోస్‌లో ఉండగానే రాసి పెట్టుకోండి. కొత్తదాంట్లో డివైస్ మేనేజర్‌లో ఆ కేబుల్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి అదే నంబర్ ఇచ్చేస్తే సరిపోతుంది.